రిఫండ్ ఆగిందా? ట్రాన్‌స్క్రిప్ట్‌లో 570, 971, 846 ఎలా చదవాలి

డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) చేతికి వచ్చిన వారానికే ట్యాక్స్ ఫైల్ చేశారు. ఇండియా టికెట్లకో, కారు ఇన్సూరెన్స్‌కో ఆ రిఫండ్‌ను మనసులో ఖర్చు కూడా పెట్టేశారు. నెల దాటింది, డబ్బు రాలేదు. అమెరికా ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో 'వేర్ ఈజ్ మై రిఫండ్' తెరిస్తే రోజూ ఒకటే పాట: మీ రిటర్న్ ఇంకా ప్రాసెస్ అవుతోంది. ఆ పేజీ రోజుకు ఒక్కసారే, అదీ రాత్రిపూట అప్‌డేట్ అవుతుంది. కాబట్టి ఆఫీసులో గంటకోసారి తెరిచి చూడటం వల్ల టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ఆ పేజీ దాచిపెట్టే సంగతులు అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తాయి. ఇది మీ పేరు మీద ఐఆర్‌ఎస్ రాసుకునే ఖాతా. మన ఊళ్లో కిరాణా కొట్టు పద్దుల పుస్తకం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది: తేదీ, వివరం, ఎంత. కాకపోతే ప్రతి పద్దు ముందూ ఒక మూడంకెల కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌లు వందల్లో ఉన్నాయి గానీ, రిఫండ్ కోసం ఎదురుచూసే మనిషికి పది, పదిహేను తెలిస్తే చాలు.

ముందు ఈ మూడు చూసుకోండి

ఒకటి, మీ ఈ-ఫైల్ నిజంగా యాక్సెప్ట్ అయిందా? సబ్‌మిట్ నొక్కడం వేరు, యాక్సెప్ట్ అవడం వేరు. సాఫ్ట్‌వేర్ నుంచో, మీ సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) నుంచో 'యాక్సెప్టెడ్' అన్న మెయిల్ ఉండాలి. మనవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇంటిపేరు ముందా, పేరు ముందా అన్న గొడవలో పాస్‌పోర్ట్‌లో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఒకలా ఉంటుంది. లాస్ట్ నేమ్‌లోని మొదటి నాలుగు అక్షరాలు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో కలవకపోతే రిటర్న్ తిరిగొస్తుంది. తిరిగొచ్చిన రిటర్న్‌కు రిఫండ్ ఉండదు. సరిచేసి మళ్లీ పంపాలి.

రెండు, నిజంగా ఆలస్యమైందా? ఈ-ఫైల్ చేసి, డైరెక్ట్ డిపాజిట్ అడిగినవాళ్లకు ఎక్కువగా 21 రోజుల్లోపే వస్తుంది. పేపర్ మీద పంపితే అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. హెచ్‌4 మీద ఉన్న భార్యకో భర్తకో ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్లకు ఇచ్చే పన్ను నంబర్) కోసం డబ్ల్యూ-7 దరఖాస్తు జతచేసి పోస్టులో పంపారంటే, మొదట ఐటిన్ రావాలి, ఆ తర్వాతే రిటర్న్ కదులుతుంది. సీజన్‌లో ఐటిన్‌కే తొమ్మిది నుంచి పదకొండు వారాలు పడుతుంది. ఎఫ్1 విద్యార్థులు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల రిటర్న్)లో, ఫారం 1042-ఎస్ మీద పట్టుకున్న పన్నును తిరిగి అడిగితే ఆరు నెలల వరకూ ఆగమని ఐఆర్‌ఎస్ ముందే చెబుతుంది. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ గానీ, అడిషనల్ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ గానీ తీసుకున్నవాళ్లకు 2015లో చేసిన పాత్ చట్టం ప్రకారం ఫిబ్రవరి మధ్య వరకూ రిఫండ్ పంపరు. జనవరిలో ఎంత తొందరగా ఫైల్ చేసినా ఇంతే.

మూడు, రానిది ఫెడరల్ రిఫండేనా? న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల రిఫండ్ వేరే ఖాతా, వేరే వెబ్‌సైట్. దాని గురించి ఈ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు.

ట్రాన్‌స్క్రిప్ట్ తీయడం

ఐఆర్‌ఎస్ డాట్ గవ్‌లో ఆన్‌లైన్ అకౌంట్‌కు సైన్ ఇన్ అవ్వండి. ఐడీ.మీ ద్వారా ఫోటో ఐడీ, సెల్ఫీతో గుర్తింపు చూపించాలి, పాస్‌పోర్ట్ పనికొస్తుంది. అది కుదరకపోతే ట్రాన్‌స్క్రిప్ట్‌ను పోస్టులో తెప్పించుకోవచ్చు. అయిదు నుంచి పది రోజుల్లో వస్తుంది, అయితే ఐఆర్‌ఎస్ రికార్డులో ఉన్న అడ్రస్‌కే వస్తుంది.

లోపలికి వెళ్లాక 'ట్యాక్స్ రికార్డ్స్'లో చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, 'రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్' తెరుస్తారు. అందులో మీరు పంపిన అంకెలే తిరిగి కనిపిస్తాయి, కోడ్‌లు ఉండవు. మీకు కావలసింది 'అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్'. రెండోది సంవత్సరం. 2025లో ఫైల్ చేసింది 2024 సంపాదన మీద, కాబట్టి 2024 నొక్కాలి. 2025 తెరిచి, ఏమీ లేదని గుండె బాదుకున్నవాళ్లను నేనే ముగ్గురిని చూశాను.

ట్రాన్‌స్క్రిప్ట్ మీద సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, పేరు కూడా పూర్తిగా ఉండదు. అయినా సరే, స్క్రీన్‌షాట్ తీసి రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. డబ్బు అంకెలన్నీ అందులో పూర్తిగా ఉంటాయి.

పైభాగం: భయపెట్టే తేదీలు

పైన 'అకౌంట్ బ్యాలెన్స్' ఉంటుంది. ఇక్కడ గుర్తులు బ్యాంకు స్టేట్‌మెంట్‌కు తలకిందులు. మైనస్ ఉంటే ఆ డబ్బు మీకు జమ, అంటే ఐఆర్‌ఎస్ మీకు బాకీ. మైనస్ లేకుండా అంకె ఉంటే మీరే బాకీ.

దాని పక్కనే 'యాజ్ ఆఫ్' అని ఒక తేదీ ఉంటుంది. ఇది రిఫండ్ వచ్చే తేదీ కాదు. వడ్డీ, పెనాల్టీ ఏమైనా ఉంటే ఏ రోజు వరకు లెక్కకట్టారో చెప్పే తేదీ. ఇది మారినప్పుడల్లా గ్రూపుల్లో 'నాకు డేట్ మారింది, వచ్చేస్తోంది' అని పండగ చేసుకుంటారు. మారడం వల్ల ఫైల్ కదిలిందనీ చెప్పలేం, ఆగిందనీ చెప్పలేం. నా మట్టుకు నేను ఆ లైన్ చదవడం మానేశాను.

అసలు పద్దులు

కింది భాగంలో 'ట్రాన్సాక్షన్స్' అని ఉంటుంది. ఒక ఊహా ఖాతా తీసుకుందాం. 2024 సంవత్సరానికి పద్దులు ఇలా ఉన్నాయనుకోండి:

150, ట్యాక్స్ రిటర్న్ ఫైల్డ్, 11,240.00 డాలర్లు
806, డబ్ల్యూ-2 ఆర్ 1099 విత్‌హోల్డింగ్, మైనస్ 14,085.00
570, అడిషనల్ అకౌంట్ యాక్షన్ పెండింగ్, 0.00
971, నోటీస్ ఇష్యూడ్, 0.00

150 అంటే మీ రిటర్న్ ఐఆర్‌ఎస్ ఖాతాలోకి ఎక్కింది, ఇంత పన్ను అని తేలింది. మీరు పంపిన రిటర్న్ ఫారం 1040 తీసి పక్కన పెట్టుకోండి. 24వ లైన్‌లో మొత్తం పన్ను ఉంటుంది. అది ఈ అంకెతో కలిస్తే మీ లెక్కను వాళ్లు ఉన్నదున్నట్టు తీసుకున్నట్టే. కలవకపోతే ఏదో మార్చారన్నమాట, దానికి ఉత్తరం వస్తుంది.

806 అంటే జీతంలోంచి కంపెనీ పట్టుకుని కట్టిన పన్ను. 1040లో 25డి లైన్‌తో పోల్చండి. ఈ పద్దు పక్కన ఏప్రిల్ 15 అని తేదీ ఉంటుంది. 'అయితే రిఫండ్ ఏప్రిల్ 15కా?' అని అడుగుతారు. కాదు. ఏడాది పొడవునా పట్టుకున్న పన్నును గడువు రోజున కట్టినట్టుగా లెక్కేస్తారు, అందుకే ఆ తేదీ. పిల్లల క్రెడిట్ లాంటివి ఉంటే 766 అన్న కోడ్‌తో, ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ అయితే 768తో, ఇవి కూడా మైనస్ గుర్తుతోనే వస్తాయి.

ఇక్కడ 14,085లోంచి 11,240 తీసేస్తే 2,845. పైన బ్యాలెన్స్ దగ్గర మైనస్ 2,845 అని ఉంటుంది. అంటే డబ్బు మీదేనని ఖాతా ఒప్పుకుంటోంది, పంపడం మాత్రం ఆపింది. ఆపింది ఆ 570.

150 వరుసలోనే 'సైకిల్' అని ఎనిమిది అంకెలు కనిపిస్తాయి, ఉదాహరణకు 20250805. మొదటి నాలుగూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం, చివరి రెండూ రోజు. వారం లెక్క ఐఆర్‌ఎస్‌ది, గోడ మీది క్యాలెండర్‌తో అచ్చంగా కలవదు. రోజుల్లో 01 శుక్రవారం, 02 సోమవారం, 03 మంగళవారం, 04 బుధవారం, 05 గురువారం. చివర 05 ఉన్న ఖాతాలు సాధారణంగా వారానికి ఒకసారే కదులుతాయి. మీది 05 అయితే వారానికి ఒకసారి, వారాంతంలో చూసుకుంటే సరిపోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా ప్రశాంతంగా పని చేసుకోవచ్చు.

570 కనబడగానే ఏం చేయాలి

ముందు గాభరా పడకండి. 570 అంటే ఆడిట్ కాదు. 'ఇంకొక పని మిగిలింది, అది తేలేవరకు డబ్బు పంపొద్దు' అని పెట్టిన అడ్డు. చిన్న కారణాలకూ పడుతుంది: డబ్ల్యూ-2లో ఉన్న విత్‌హోల్డింగ్ కంపెనీ పంపిన లెక్కతో కలవలేదు, క్రెడిట్ లెక్కలో తప్పుంది, పాత సంవత్సరం బాకీ చూడాలి. ఏడాదిలో రెండు మూడు కన్సల్టింగ్ కంపెనీలు మారినవాళ్లకు మొదటి కారణం ఎక్కువగా కనిపిస్తుంది.

570 ఒక్కటే ఉందా, దాని కింద 971 కూడా ఉందా చూడండి. ఒక్కటే ఉంటే, మీరు ఏమీ చేయకుండానే కొన్నిసార్లు అడ్డు తొలగిపోతుంది. 571 గానీ 572 గానీ పడితే తొలగినట్టే, దాని వెంటే 846 వస్తుంది. 971 కూడా ఉంటే మీకు ఉత్తరం రాశారు. 971 పక్కనున్న తేదీ ఉత్తరం మీద వేసిన తేదీ, ఒక్కోసారి అది ఇంకా రాని రోజు కూడా కావచ్చు. ఏ ఉత్తరమో మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్ చెప్పదు. ఇక్కడితో కోడ్‌ల పని అయిపోయింది. డబ్బు ఎక్కడ ఆగిందో కోడ్ చూపిస్తుంది గానీ, ఎందుకు ఆగిందో ఉత్తరంలోనే ఉంటుంది. అందుకే ఆన్‌లైన్ అకౌంట్‌లో 'నోటీసెస్ అండ్ లెటర్స్' తెరవండి, చాలా ఉత్తరాలు పోస్టు కంటే ముందే అక్కడ కనిపిస్తాయి. అక్కడ లేకపోతే పోస్టు డబ్బా చూస్తూ ఉండాలి.

వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించేవి ఇవి. సీపీ05 అంటే 'మీ రిటర్న్ చూస్తున్నాం, 60 రోజులు ఆగండి'. మీరు చేయవలసింది ఏమీ లేదు, ఆ 60 రోజులూ నోరు మూసుకుని ఉండటమే కష్టం. సీపీ12 అంటే లెక్కలో పొరపాటు సరిచేశారు, రిఫండ్ మొత్తం మారింది. ఒప్పుకుంటే ఊరుకోండి, ఒప్పుకోకపోతే ఉత్తరంలో చెప్పిన గడువులోగా చెప్పండి. 12సి అంటే ఏదో కాగితం తక్కువైంది. మార్కెట్‌ప్లేస్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుని, దాని సబ్సిడీ లెక్క చూపే ఫారం 8962 పెట్టడం మరిచిపోయినవాళ్లకు వస్తుంది. అడిగిన కాగితం పంపితే చాలు, దానికోసం సవరణ రిటర్న్ వేయకండి. వేస్తే ఒక చిక్కు రెండవుతుంది.

150 కూడా లేకపోతే

ఈ-ఫైల్ యాక్సెప్ట్ అయి నెల దాటినా ట్రాన్‌స్క్రిప్ట్ ఖాళీగా ఉంటే, లేదా ఆ సంవత్సరం పక్కన 'ఎన్ఏ' అని ఉంటే, రిటర్న్ ఖాతాలోకే ఎక్కలేదు. చాలాసార్లు కారణం గుర్తింపు ధ్రువీకరణ. ఫైల్ చేసింది మీరేనా, మీ పేరుతో ఎవరైనానా అని అడుగుతారు. 5071సి అన్న ఉత్తరం వస్తే ఆన్‌లైన్‌లోనో, అందులో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసో తేల్చుకోవచ్చు. 4883సి అయితే ఫోనే.

నాకు ఇది అనుభవమే. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ మారి, రిటర్న్‌లో పాత అడ్రస్ అలాగే వదిలేశాను. పోయినేడాది ఫైల్‌లోంచి సాఫ్ట్‌వేర్ దానంతట అదే నింపింది, నేను చూసుకోలేదు. ఉత్తరం పాతింటికి వెళ్లింది. ఏడు వారాలు ఖాళీ ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తూ కూర్చున్నాక, ఒక ఆదివారం పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్తే కొత్తగా చేరిన అబ్బాయి పిజ్జా కూపన్ల మధ్యలోంచి ఆ కవర్ తీసి ఇచ్చాడు. కవర్ మీద కాఫీ మరక కూడా ఉంది. ఇల్లు మారితే ఫారం 8822 పంపండి, పోస్టాఫీసుకు చెప్పాం కదా అని ఊరుకోకండి.

గుర్తింపు చెప్పేటప్పుడు ఆ ఉత్తరం, ఈ ఏటి 1040, పోయినేటి రిటర్న్ ఎదురుగా పెట్టుకోండి. పాత రిటర్న్‌లోంచి ప్రశ్నలు అడుగుతారు. ధ్రువీకరణ అయ్యాక కూడా ప్రాసెస్ చేయడానికి తొమ్మిది వారాల వరకు పట్టవచ్చు. ఈలోగా రెండోసారి ఫైల్ చేయొద్దు.

846 వచ్చింది, డబ్బు తక్కువ వచ్చింది

846 అంటే రిఫండ్ ఇష్యూడ్. పక్కనున్న తేదీ డబ్బు పంపే తేదీ, బ్యాంకులో పడటానికి కొన్ని రోజులు ఎక్కువ పట్టవచ్చు. ఈ కోడ్ పడ్డాక పైన బ్యాలెన్స్ సున్నా అవుతుంది. అది చూసి 'నా డబ్బు మాయం చేశారు' అనుకోకండి, పంపేశారు కాబట్టే సున్నా.

తక్కువ వచ్చిందంటే 846కు ముందో వెనకో ఇంకో పద్దు వెతకండి. 898 ఉంటే బయటి బాకీ కింద పట్టుకున్నారు: రాష్ట్ర పన్ను బాకీ, ఫెడరల్ స్టూడెంట్ లోన్, చైల్డ్ సపోర్ట్ లాంటివి. ఈ కోత పెట్టేది ఐఆర్‌ఎస్ కాదు, ట్రెజరీలోని బ్యూరో ఆఫ్ ఫిస్కల్ సర్వీస్. వివరం కోసం వాళ్లు పంపే ఉత్తరం చూడాలి. బాకీ మీ జీవితభాగస్వామి ఒక్కరిదే అయితే, మీ వాటా కోసం ఫారం 8379 ఉంది.

826 ఉంటే మీదే పాత సంవత్సరం ఫెడరల్ పన్ను బాకీకి బదిలీ చేశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది ఎలా వస్తుందో చెబుతాను. కంపెనీ ఇచ్చిన షేర్లు రెండేళ్ల క్రితం అమ్మారు. బ్రోకర్ పంపిన 1099-బిని మీరు రిటర్న్‌లో చూపలేదు, లేదా కొన్న ధర వేయలేదు. ఐఆర్‌ఎస్‌కు అమ్మిన మొత్తమంతా లాభంలాగే కనిపించింది. ఆ సంవత్సరం ట్రాన్‌స్క్రిప్ట్‌లో 922 (చూపని ఆదాయంపై పరిశీలన) పడి, ఆ తేడా గురించి చెప్పే సీపీ2000 ఉత్తరం వచ్చింది, మీరు చూసుకోలేదు. తర్వాత 290 కింద అదనపు పన్ను వేశారు. దాన్ని ఈ ఏటి రిఫండ్‌లోంచి తీసుకున్నారు. కాబట్టి 826 కనబడితే ఈ సంవత్సరం కాగితం మూసి, ఆ పాత సంవత్సరం ట్రాన్‌స్క్రిప్ట్ తెరవండి. అమ్మిన షేర్ల కొన్న ధర చూపించి దాన్ని సరిచేయించుకునే దారి ఇంకా ఉంటుంది.

846 తర్వాత 841 పడితే పంపిన రిఫండ్ రద్దయింది. రూటింగ్ నంబర్ తప్పో, అకౌంట్ మూసేశారో, బ్యాంకు వెనక్కి పంపిందో. 740 అయితే చెక్కు చేరక తిరిగొచ్చింది. అమెరికా వదిలి ఇండియా వెళ్లిపోయేవాళ్లకు ఒక మాట: ఆ చివరి రిఫండ్ పడేవరకు ఇక్కడి బ్యాంకు అకౌంట్ మూయకండి.

810 రిఫండ్‌ను స్తంభింపజేసిన గుర్తు, 811 పడితే విడిచినట్టు. 420 మాత్రం ఎగ్జామినేషన్, అంటే రిటర్న్‌ను ఆడిట్ పరిశీలనకు పంపారు. అప్పుడు గ్రూపుల్లో సలహాలు వెతక్కుండా సీపీఏను గానీ, ఐఆర్‌ఎస్ గుర్తింపున్న ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ను గానీ కలవండి.

ఎప్పుడు ఫోన్ చేయాలి

21 రోజులు దాటకముందు చేస్తే, ఆగమనే చెబుతారు. దాటాక 800-829-1040, వారంలో పనిరోజుల్లో మీ స్థానిక సమయం ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు. ఇండియా నుంచైతే 267-941-1000, ఇది టోల్ ఫ్రీ కాదు. ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడటం ఇబ్బందైతే దుబాసీని అడగండి, ఆ సేవ ఉంది.

'నా రిఫండ్ ఎక్కడ?' అని అడిగితే వెబ్‌సైట్‌లో ఉన్నదే చదివి వినిపిస్తారు. ఇలా అడగండి: 'నా 2024 ఖాతాలో ఫలానా తేదీన 570 ఉంది, 971 ఉంది. ఆ 971 ఏ నోటీసు? నేను ఏదైనా పంపాలా? ఏ అడ్రస్‌కు పంపారు?' అవతలివాళ్లు మీ ఖాతా తెరిచి చూడక తప్పదు. మాట్లాడినవాళ్ల ఐడీ నంబర్, తేదీ రాసిపెట్టుకోండి.

రిఫండ్ ఆగడం వల్ల అద్దె కట్టలేకపోవడం, ఇల్లు ఖాళీ చేయమనడం లాంటి కష్టం ఉంటే ఫారం 911తో ట్యాక్స్‌పేయర్ అడ్వకేట్ సర్వీస్‌కు వెళ్లవచ్చు. ఇది ఐఆర్‌ఎస్‌లోనే ఉన్నా స్వతంత్రంగా పనిచేస్తుంది, ఫీజు లేదు. ఇండియా ట్రిప్ ఆగిపోయిందన్నది మాత్రం వాళ్ల దగ్గర కష్టం కింద లెక్కకు రాదు.

చివరికి డబ్బు వచ్చినప్పుడు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ పడితే ఆశ్చర్యపోకండి, 776 అన్న పద్దు చూడండి. గడువు తేదీ నుంచి, లేదా మీరు ఆలస్యంగా ఫైల్ చేస్తే ఆ రోజు నుంచి, 45 రోజులు దాటి రిఫండ్ ఇస్తే ఐఆర్‌ఎస్ వడ్డీ ఇస్తుంది. 2025లో అది ఏడాదికి 7 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను ఉంది. పది డాలర్లు గానీ, అంతకుమించి గానీ ఉంటే జనవరిలో ఆ వడ్డీ చూపే 1099-ఐఎన్‌టీ ఫారం వస్తుంది. దాన్ని వచ్చే ఏటి రిటర్న్‌లో వేయడం మరిచిపోతే, పైన చెప్పిన 922 వరుస మీ ఖాతాలో కూడా మొదలవ్వొచ్చు.